పదమూడు సెకన్ల అవ్వ

మార్కాపురం,
నవంబరు 6, గురువారం.

మహారాజశ్రీ కృపారాణి గారి దివ్యసముఖానికి,

మార్కాపురం వాస్తవ్యుడు, డిగ్రీ రెండో తరగతిలో గట్టెక్కినవాడు, కోటి అనే నేను సాష్టాంగపడి రాసుకుంటున్న క్షమాపణ పత్రం.

ముందుగా ఈ కాగితానికి నా క్షమాపణలు. ఇది నా బాటనీ రికార్డులోంచి చించింది. మందార పువ్వు నిలువుకోత బొమ్మ వేయించుకుని తరించాల్సిన కాగితం, నా రాత మోయాల్సి వచ్చింది. ఈ పెన్నుకు నా క్షమాపణలు. డిగ్రీ అయినాక దీన్ని చెవిలో తిప్పుకోవడానికి తప్ప వాడలా. మా తెలుగు సారు వెంకటసుబ్బయ్య గారికి నా క్షమాపణలు. "ఒరే కోటిగా, నీ అక్షరాలు పలక మీద పురుగు పాకినట్టు ఉంటాయిరా" అని ఆయన అన్నప్పుడు క్లాసంతటితో కలిసి నేనూ నవ్వినా. ఆ పురుగు ఇప్పుడు మళ్ళీ బయల్దేరింది. పోస్టు డబ్బాకు, పోస్టుమాన్‌కు, ఆయన సైకిలుకు నా క్షమాపణలు. చిట్టచివరగా, ఇది చదవబోతున్న మీ కళ్ళకు.

ఈ ఫోన్ల కాలంలో ఉత్తరం ఏందని మీరు అనుకోవచ్చు. ఇది స్వర్ణలత మేడమ్ తీర్పు. ఆమె అన్న మాటలు పొల్లుపోకుండా రాస్తున్నా: "కోటీ, ఆ పిల్ల నీ నంబరు బ్లాక్ చేసింది. గ్రూపులోంచి పోయింది. నాకు రాజీనామా పంపింది. ముప్పయ్యో తారీకు దాకా దాన్ని హైదరాబాదుకు పంపకుండా నా దగ్గరే పెట్టుకుంటా, ఆ తర్వాత నా చేతుల్లో లేదు. ఆ బొమ్మకు నేను కూడా నవ్వినా, దానికి ఆ పిల్లకు నేను వేరే చెప్పుకుంటా. నీ సంగతి నువ్వు చూసుకో. ఈ నెలాఖరు దాకా గ్రూపులో ఒక్క బొమ్మ పెట్టినావంటే గిద్దలూరు నుంచి బస్సెక్కి వచ్చి నీ ఫోను మీ ఊరి పలకల గనిలో పారేస్తా. కాగితం తీసుకో. చేత్తో రాయి. కాగితం మీద బొమ్మలు ఎగరవు."

ముద్దాయి కేసు మొదటినుంచి చెప్పుకోవడం కోర్టు మర్యాద కాబట్టి, మీకు తెలిసిందే అయినా చెప్పుకుంటా. 'చేనుమాట' అనే మన కంపెనీ నోరు హైదరాబాదులో ఉంది. చెవులు మాత్రం మనం ఐదుగురం. తెగులు పట్టిన రైతు ఫోను చేస్తే గిద్దలూరులో మేడమ్, కంభంలో ఇమ్మానుయేలు, యర్రగొండపాలెంలో వినయ్ కుమార్, పెద్దారవీడు పక్కన మీరు, ఇక్కడ నేను, ఎవరి ఇంట్లో వాళ్ళం కూర్చుని సలహా చెప్తాం. ఒకరి మొఖం ఒకరం ఎరగం. గ్రూపులో "నోటెడ్ మేడమ్", "ఓకే మేడమ్" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. చూసి చూసి హైదరాబాదోళ్ళు మార్చిలో ఉత్తర్వు పంపినారు: సిబ్బంది మధ్య ఆత్మీయత కొరవడినందున గ్రూపులో వారానికి మూడు జిఫ్‌లు తప్పనిసరి. రెండు మూడు సెకన్ల కదిలే బొమ్మ, అయిపోయిన చోటే మళ్ళీ మొదలై ఆగకుండా తిరిగేది. నమూనాకు వాళ్ళే కొన్ని పంపినారు. సూటేసుకున్న తెల్లోడు చప్పట్లు కొడతాడు. పిల్లి సోఫా మీంచి పడతది. ఇమ్మానుయేలు అడిగినాడు గుర్తుందా, "అన్నా, ఈ పిల్లికి ఏం తెగులు?"

అప్పుడు ఈ దాసుడు రంగంలోకి దిగినాడు. కంభం చెరువులో బర్రె మెల్లంగా తల తిప్పుతాది: సర్వరు ముందుకు పోవడం లేదని అర్థం. చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు వెనక పరిగెత్తే పెద్దమనిషి: పది గంటల లాగిన్. ఇక మా అవ్వ రంగనాయకమ్మ. వేరుశెనక్కాయలు వొలుస్తూ కళ్ళద్దాల పైనుంచి చూసే అవ్వ అంటే "నన్ను నమ్మమంటావా?" మూతి తిప్పే అవ్వ అంటే "సెలవు ఇవ్వను". మేడమ్ ఆ రెండోదాన్ని రోజుకు నాలుగుసార్లు వాడి అరగదీసింది. ఏ రైతు తిట్టినా, ఏ హైదరాబాదోడు కసిరినా, ఒక అవ్వ పడితే చాలు, ఐదిళ్ళలో ఐదుగురం ఒకేసారి నవ్వేవాళ్ళం. మీరు మాత్రం ఏదీ పెట్టకుండా చూసి ఊరుకునేవాళ్ళు. ఆగస్టులో ఒకే ఒక్కటి పెట్టినారు, కీబోర్డు మీదికి ఎక్కి 'అంగీకరించు' అనే మీటను ముక్కుతో పొడిచిన తెల్ల కోడిపెట్ట. అది ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

సోమవారం నేను పెట్టిన అవ్వ బొమ్మ మీకు నచ్చలేదని తెలిసింది. అదొక చిన్న తమాషా. మీరు అంత దూరం తీసుకుపోతారని అనుకోలా. మనసులో పెట్టుకోకుండా మళ్ళీ గ్రూపులోకి రండి. కోడిపెట్టను అడిగినట్టు చెప్పండి.

ఇట్లు,
తల వంచుకున్న
కోటి.

తా.క. ఇక్కడ తల వంచుకున్న మనిషి బొమ్మ ఒకటి ఎగరాల్సింది. మేడమ్ వద్దన్నది.


పెద్దారవీడు మండలం,
నవంబరు 11.

కోటి గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు కాగితానికి, పెన్నుకు, తెలుగు సారుకు, పోస్టు డబ్బాకు, పోస్టుమాన్‌కు, సైకిలుకు, నా కళ్ళకు క్షమాపణ చెప్పినారు. మొత్తం ఏడు. నా కళ్ళకు చెప్పినారు గానీ వాటి వెనకాల ఉన్న మనిషికి చెప్పలా.

ముప్పయ్యో తారీకు దాకా నా కాల్స్ నేను తీసుకుంటా. రైతులకు నా మీద ఏం కోపం లేదు, నాకు వాళ్ళ మీద లేదు. గ్రూపులోకి మాత్రం రాను. రాజీనామా వెనక్కు తీసుకోను.

ఆ బొమ్మ ఏందో పెట్టిన మీకు తెలీకపోతే నేను చెప్పేది ఏమీ లేదు.

కోడిపెట్ట బాగుంది.

కృపారాణి.


మార్కాపురం,
నవంబరు 13.

కృపారాణి గారికి,

ఎనిమిదో క్షమాపణ మీకు. మొదటిది కావాల్సింది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివినా. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలా. మూడోసారి అవ్వ వచ్చి "ఏందిరా, బ్యాంకోళ్ళా?" అని అడిగింది. కాదన్నా. "మరి మొఖం ఎందుకు అట్ల పెట్టినావు?" అన్నది. ఈమెకు బొమ్మలు అక్కర్లేదు, మొఖం చూసి చదివేస్తది.

ఆ బొమ్మ ఏందో చెప్తా.

మూడో తారీకు సోమవారం మీటింగులో హైదరాబాదోళ్ళు మీ కాల్ వినిపించినారు కదా. మిర్చి రైతు ఏడుపుగొంతుతో, రెండెకరాల తోట రేపే పీకేస్తానంటాడు. మీరు కంగారుపడకుండా అడుగుతారు, "పెద్దాయనా, ఆకు పైకి ముడుచుకుందా, కిందికి ముడుచుకుందా? ఇప్పుడే తోటలోకి పోయి చూసి చెప్పు, నేను లైన్లోనే ఉంటా." అతను పోతాడు, చూస్తాడు, పైకే అంటాడు. తామరపురుగే అయ్యుంటుందంటారు మీరు. ఆకు అడుగున ఏం కనపడుతుందో, పూత ఉందో లేదో, ఏ పక్క నుంచి మొదలైందో ఒక్కొక్కటే అడుగుతారు. పదకొండు నిమిషాలకు అతని గొంతు మామూలుకు వచ్చేసింది. ఆఖరున "పీకను లేమ్మా" అన్నాడు. హైదరాబాదులో పెద్దాయన ఎవరో "అందరూ ఇలా మాట్లాడటం నేర్చుకోవాలి" అన్నాడు.

నా ఫోను స్పీకర్లో ఉంది. అవ్వ కాయలు వొలవడం ఆపి విన్నది. "ఎవుర్రా ఆ పిల్ల?" అన్నది. చెప్పినా. "అంతమంది ముందర ఆ పిల్లను అట్ల పొగిడితే దిష్టి తగలదంట్రా?" అని లేచిపోయి గుప్పెట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి, మీ గొంతు వచ్చిన ఫోను చుట్టూ మూడుసార్లు తిప్పి, థూ థూ థూ అని, పొయ్యిలో వేసింది. మా ఇండ్లల్లో అది తిట్టు కాదు. కన్ను పడకూడదని మనసైనోళ్ళకు చేసేది. నాకు డిగ్రీ వచ్చిన రోజు చేసింది, అంతకు ముందర మా బర్రె ఈనినప్పుడు చేసింది.

నేను దాన్ని అదే ఫోనుతో వీడియో తీసినా. గ్రూపులో చిన్నవే పోతాయి గదా, ఫోను ముందర భాగం కోసేసింది. ఉప్పు పోయింది, మిరపకాయలు పోయినాయి, తిప్పడం పోయింది, ఆఖరి రెండు సెకన్లు మిగిలినాయి. నేను సరిగ్గా చూసుకోకుండా పంపినా. చూసుకోకపోవడం నా తప్పు.

ఇదీ జరిగింది. అవ్వ మీ మీద ఉమ్మలేదు. మీకు తగలబోయే కన్ను మీద ఉమ్మింది.

కోటి.


పెద్దారవీడు మండలం,
నవంబరు 17.

కోటి గారికి,

మీ తెలుగు సారు చెప్పింది పూర్తిగా నిజం కాదు. పురుగు కాదు, జెర్రి.

మీరు జరిగింది రాసినారు కాబట్టి ఇక్కడ జరిగింది నేను రాస్తా.

మూడో తారీకు మా అమ్మ సౌభాగ్యమ్మ కూలికి పోలా. కూతుర్ని హైదరాబాదోళ్ళు మెచ్చుకుంటారంట అని, సోమవారం పూట చర్చి చీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. మీటింగు అయిపోయింది. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మా ఇండ్లల్లో దిష్టి తీయరు, ఇదే చేస్తారు. ఆమె ఆమెన్ అనకముందే ఫోను మోగింది.

అమ్మే తెరిచింది, ఇంకా ఎవరో మెచ్చుకుంటున్నారు అనుకుని. పెద్ద బొట్టు, ముక్కుకు రెండు పక్కలా బేసరులు, ఒక పెద్దామె. మా వైపే చూసి ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. జిఫ్ ఆగదు కదా. దాన్ని ఎట్ల ఆపాలో అమ్మకు తెలీలా. ఫోను బోర్లా పెట్టింది. నేను తీసి చూస్తే కింద మూడు నవ్వు మొఖాలు.

అంతకు ముందర మీ అవ్వ బొమ్మలన్నీ నేను చూసినా, నాకూ నవ్వొచ్చేది. అమ్మ మాత్రం అదే మొదటిసారి చూడటం. "ఎవరామె?" అన్నది. "ఎవరో నాకు తెలీదమ్మా" అని అబద్ధం చెప్పినా. "నాకు తెలుసులే" అన్నది.

మా అమ్మ ముప్పై ఏండ్లు మంది చేలల్లో మిరపకాయలు కోసింది. దాహమైతే చెంబు పైకెత్తి దోసిట్లోకి పోసినారు. ఆమె చేతికి చెంబు ఇచ్చినోళ్ళు లేరు. ఇచ్చేవాళ్ళు కాదు అని ఆమె ఎప్పుడూ అనదు, "దోసిట్లో తాగితే చల్లంగుంటయి" అంటది.

నాకు ఈ పని ఎందుకు ఇష్టమో మీకు తెలీదు. ఫోనులో నా వాడ కనపడదు. అరవై ఏండ్ల ఆసామి నన్ను "అమ్మా" అంటాడు, "నువ్వు చెప్పినట్టే చేస్తా" అంటాడు. మా అమ్మ ఏ చేలో మిరపకాయలు కోసిందో ఆ చేనోళ్ళే ఫోను చేసి ఉంటారు కొన్నిసార్లు. ఇక్కడ ఒక్కచోటైనా అది లేదు అనుకున్నా. అది బొమ్మ రూపంలో ఇంట్లోకి వచ్చి, ఆగకుండా తిరుగుతా ఉంటే ఇంకెక్కడికి పోవాల?

దిష్టి అన్నారు. ఉప్పు లేనప్పుడు అది దిష్టి అని మాకెట్ల తెలుస్తది?

ఫోను కోసిందన్నారు. సరే. నా ఫోను కూడా ఒక్కోసారి పిచ్చి పనులు చేస్తది.

రాజీనామా సంగతి మారలా. మార్కాపురంలో ఒక బట్టల దుకాణంలో అడిగినా, ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు. పొద్దస్తమానం నిలబడే పని. అయితే అక్కడ ఎవరూ బొమ్మలు పంపరు.

కృపారాణి.


మార్కాపురం,
నవంబరు 20.

కృపారాణి గారికి,

మీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించినా. మీకు కోపం వస్తే రానీయండి, ఆమె బొమ్మ మీద గొడవ జరుగుతుంటే ఆమెకు తెలీకపోవడం న్యాయం కాదు అనిపించింది. చెంబు దగ్గర ఆగిపోయినా. "చదవరా" అన్నది. చదివినా.

ఆమె కాయలు వొలవలా. చేట అట్లనే ఒళ్ళో ఉంది. నేను అడిగినా, "అవ్వా, మన చేలో ఎట్ల పోసేవాళ్ళం?"

మా అవ్వ మాటకు మాట అప్పటికప్పుడు ఇచ్చే మనిషి. మా నాయన అడిగినా, ఎమ్మార్వో అడిగినా అంతే. ఆ రోజు మాత్రం ముందు చేటలో కాయలన్నీ ఒక పక్కకు నెట్టింది.

"ఎత్తే పోసినా" అన్నది.

తర్వాత, "రాయి, నేను చెప్తా" అన్నది. కింద ఉన్నది ఆమె మాట. నేను ఒక్క అక్షరం కలపలా, ఒక్కటి తియ్యలా.

"అమ్మాయ్, నేను రంగనాయకమ్మను. నిన్ను చూళ్ళేదు, గొంతు విన్నా. మిర్చి తోట పీకేస్తా అనేవోణ్ణి ఆపడం అంటే మాటలు కాదు. మా ఇంటాయన ఒకేడు పీకినాడు, నేను ఎంత చెప్పినా వినలా. అందుకే నీకు దిష్టి తీసినా. మావాడు ఉప్పు లేకుండా పంపినాడంట. ఉప్పు లేకుండా ఉమ్మి చూపిస్తే ఎవురికైనా కాలుద్ది. నాకే ఎవురన్నా అట్ల పంపితే వాళ్ళింటికి పోయి అడుగుతా. రాసినావా? ఉండరా, తొందరపడకు. ఇది వాళ్ళమ్మకు. అమ్మాయ్, ఎత్తి పోసిన మాట నిజం. మా అత్త పోసింది, నేను చూసి నేర్చుకున్నా. ఎందుకని అడగలా. అడగాలని తోచలా. మా ఇంటికి రా. చెంబు చేతికిస్తా. ఇంక చాలు. చదువు, బాగుందో లేదో చూస్తా."

చదివినా. "నేను చెప్పినప్పుడు బాగుంది, నీ నోట్లో బాగలేదు" అన్నది.

ఇంకో సంగతి. మేడమ్ దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని వీడియో ఆమెకు పంపినా, జిఫ్ కాదు, అసలుది. తొమ్మిది సెకన్లు. అందులో ఉప్పు ఉంది, మిరపకాయలు ఉన్నాయి, మూడు తిప్పులూ ఉన్నాయి, ఆఖరున "చల్లగుండు తల్లీ" అన్న మాట ఉంది. మేడమ్ మీకు పంపుతుంది. చూడాలనిపిస్తే చూడండి, అనిపించకపోతే తుడిచేయండి. మీ అమ్మ గారికి చూపించాలా వద్దా అనేది నాకు తెలీదు.

అవ్వ నా ఫోనుకు శిక్ష వేసింది. దాని మీద జల్లెడ బోర్లించి పెట్టింది. డ్యూటీ టైములో తప్ప తియ్యనీయదు. "మనుషుల మధ్య గొడవ పెట్టే దొంగది" అని దాన్ని తిడతా ఉంటది. తిట్టినప్పుడల్లా నాకు బయట ఏదో పని గుర్తొస్తాంది.

కోటి.


పెద్దారవీడు మండలం,
నవంబరు 25.

కోటి అన్నకు,

మేడమ్ పంపినది వచ్చింది. రెండు రోజులు తెరవలా. మూడో రోజు అమ్మే అడిగింది, "ఏందే, ఆ ఫోనుకు దూరందూరంగా పోతాండావు?" చెప్పినా. "పెట్టు" అన్నది.

ఐదుసార్లు చూసింది. రెండోసారి, "ఉప్పు గట్టిగానే పట్టుకుంది" అన్నది. మూడోసారి, "ఆ మిరపకాయలు మంచి రకం, తొడిమె చూడు" అన్నది. ముప్పై ఏండ్లు కోసిన మనిషి కదా, ఉప్పు కంటే ముందర అదే కనపడి ఉంటది. ఐదోసారి ఫోను నా చేతికిచ్చి, "ఈమె చూసేది మనల్ని కాదే, ఫోనునే" అన్నది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ నెలలో మొదటిసారి.

మీ అవ్వ మాటలు చదివి వినిపించినా. చెంబు చేతికిస్తా అన్నకాడ అమ్మ కొంగు నోటికి పెట్టుకుంది. ఏడుస్తాందేమో అనుకున్నా. తీసి చూస్తే మూతి తిప్పుతాంది, అచ్చం మీ అవ్వలాగానే. ఏమన్నదో అట్లనే రాస్తున్నా:

"చెంబు ఇస్తదంటనా? ఇస్తే ఇచ్చింది గానీ, నేనెందుకు పోవాల? ఇంత దూరం వచ్చినాక ఇంకా నేనే వాళ్ళ గుమ్మం కాడికి పోవాల్నా? ఆమెను రమ్మను. మా ఇంట్లో, మా గ్లాసులో టీ తాగమను. తాగినాక నేను పోతా, చెంబు గాదు, బిందెడు తాగొస్తా."

ఈ మాట రాయాలా వద్దా అని నేను ఆలోచిస్తాంటే, "రాయి, భయపడతావేంది?" అన్నది. రాసినా.

అన్నా, నీ మీద అమ్మకు కోపం లేదు. "పాపం ఆ పిల్లోడు, ఫోను చేసిన పనికి ఎన్ని కాగితాలు ఖర్చు పెట్టినాడో" అన్నది. ఇమ్మానుయేలు, వినయ్ ఇద్దరూ ఫోన్ చేసినారు. "మేం అవ్వను చూసి నవ్వినాం కృపా, నిన్ను చూసి కాదు" అని వినయ్ నాలుగుసార్లు చెప్పినాడు. ఫోను ముందర భాగం కోసేసిందంట, అందుకే అట్ల జరిగిందంట అని నేనే వాళ్ళకు చెప్పినా. కొత్తగా చేరేవాళ్ళ కోసం బొమ్మల గురించి ఒక నియమం రాయమని మేడమ్ నన్నే అడిగింది. ఇట్ల రాసినా: "బొమ్మ పంపేముందు ఫోను ఎక్కడ కోసిందో చూసుకోండి. మీ ఇంట్లో నవ్వు వచ్చేది పక్కింట్లో ఎట్ల కనపడుతుందో ఒక్కసారి అనుకోండి." బాగుందా?

ఆదివారం సాయంత్రం మేడమ్‌కు ఫోన్ చేసి నా కాగితం చించేయమంటా. బట్టల దుకాణమోళ్ళకు రానని చెప్పాల. సోమవారం పది గంటలకు, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తే పెద్దమనిషి నాకు కనపడాల.

కాగితం మీద బొమ్మలు ఎగరవని మేడమ్ అన్నదంట. పలకల ఊరోడివి, నువ్వెట్ల నమ్మినావన్నా? కవర్లో పన్నెండు చిన్న కాగితాలు దారంతో కుట్టి పెట్టినా. అంచు బొటనవేలితో పట్టుకుని గబగబా వదులు. మా అమ్మ గ్లాసు చాపుతాది, మీ అవ్వ చెయ్యి చాపుతాది. తాగేది గియ్యలా. అది మీ అవ్వ ఇష్టం.

నీ చెల్లెలు,
కృపారాణి.


మార్కాపురం,
నవంబరు 29, శనివారం.

కృపారాణికి,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే సోమవారం దాటిపోతాది. నువ్వు మేడమ్‌కు ఫోన్ చేసేముందరే చదవాల. అందుకని అవ్వ చేతికిస్తున్నా. రేపు మీ చర్చి అయినాక, రెండు గంటల బస్సుకు మేం వస్తాం.

అవ్వ టీకి ఒప్పుకుంది. మీ అమ్మ మాట చదివితే ముందు "అబ్బో" అన్నది. నీ కుట్టిన కాగితాలు పదిహేనుసార్లు వదిలి చూసింది. "ఇది నేనా? నా ముక్కు ఇట్లుంటదా?" అన్నది. ఇంకోసారి వదిలి, "ఆమె అడిగింది న్యాయమే" అన్నది. తర్వాత బస్సు టైము అడిగింది. చక్కెర తక్కువ వెయ్యమని మీ అమ్మకు చెప్పు, షుగరు ఉంది.

నేను మీ ఇంటికి రాను. పెద్దారవీడు బస్టాండులో కూర్చుంటా. ఇది చదివినాక పిలిస్తే వస్తా. పిలవకపోతే అవ్వను తీసుకుని ఐదు గంటల బస్సుకు పోతా. నీ రాజీనామా సంగతి నా వల్ల తేల్చుకోవద్దు. ఆ రైతు "పీకను లేమ్మా" అన్నది నీతో, నాతో కాదు. ఎవరన్నా పోవాల్సి వస్తే నువ్వు కాదు, నేను పోతానని మేడమ్‌కు చెప్పినా.

నువ్వు రాసిన నియమంలో మొదటి వాక్యం మార్చాల.

వీడియో తొమ్మిది సెకన్లు కాదు. పదమూడు. మిగతా నాలుగు సెకన్లు నీకు పంపేముందర తీసేసినా. ఇందాకే మొత్తం మేడమ్‌కు పంపినా, అందరికీ చూపించమని. ఆ నాలుగు సెకన్లలో అవ్వ గుప్పెట్లో ఉప్పుతో పొయ్యి దగ్గరికి పోతా, "ఆ పిల్లకు చూపించురా, సంతోషపడుద్ది" అంటది. ఆమె లోపలికి పోయినాక నా గొంతు వినపడతది, మెల్లంగా: "ఉప్పు తిప్పేది తీసేస్తా. ఉమ్మేది ఒక్కటే పెడితే పడిపడి నవ్వుతారు."

ఆ రోజు పొద్దున నేను పెట్టిన బర్రెకు ఒక్కరూ నవ్వలా. అందరూ నీ కాల్ గురించే మాట్లాడుకున్నారు. ఏడు నెలలుగా ఆ గ్రూపులో నన్నే చూసేవాళ్ళు. అంతకు మించి కారణం ఏమీ లేదు. ఉందేమో అని చాలా వెతికినా.

అవ్వకు ఇది పొద్దున చెప్పినా. ఆమె లేచి ఫోను మీది జల్లెడ తీసి గోడకు తగిలించింది. ఈ ఉత్తరం నీకు ఇయ్యాలంటే, రొండిన దోపుకుంటానన్నట్టు చెయ్యి చాపింది.

కాగితానికి, పెన్నుకు, సైకిలుకు కూడా క్షమాపణ చెప్పినా. వాటికి నేను ఏమీ చెయ్యలా. చేసింది ఒక్కటే. ఫోను ఏమీ కొయ్యలా కృపారాణీ. నేనే కోసినా.

కోటి.